పర్మనెంట్ అడ్రసు పక్కన ఎర్ర చుక్క

మొన్నామధ్య మా టీములో ఒక కుర్రాడు మేనేజరుకి మెయిలు పెట్టాడు. ఇక నుంచి ఆఫీసుకి రాడట, ఎక్కడ ఉంటే అక్కడి నుంచే పని చేస్తాడట. ఒక టెంపో ట్రావెలర్ కొని సీట్లు పీకించి, మంచం, స్టవ్వు, సోలారు ప్యానెలు పెట్టించుకున్నాడు. చలికాలం గోవా, ఎండాకాలం హిమాచలు, మధ్యలో ఎక్కడ నచ్చితే అక్కడ. లంచ్ రూములో ఫోటోలు చూపిస్తుంటే అందరం నోళ్ళు వెళ్ళబెట్టి చూశాం. అబద్ధమెందుకు, నేను ఆ రాత్రి ఇంటికెళ్ళి ఈఎంఐ లెక్క కూడా వేసుకున్నాను.

ఆ తర్వాతి వారం మిరప కోతలని ఊరెళ్ళాను. మాది దుమ్ముగూడెం వైపు. భద్రాచలం దాటి గోదావరి పక్కన రోడ్డు పట్టుకుని పోతే వస్తుంది. ఇంకా ముందుకి వెళితే చర్ల, ఆ పైన అడవి, అడవి అవతల ఛత్తీస్‌గఢ్. మా నాన్నకి మూడెకరాల మిరప ఉంది. చేను గట్టు మీద నీలం టార్పాలిన్ల కింద అయిదారు కుటుంబాలు దిగి ఉన్నాయి. మూడు రాళ్ళ పొయ్యి, రెండు సత్తు గిన్నెలు, ఒక బియ్యం మూట, చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో పసిపిల్ల. సుక్మా వైపు నుంచి ఏటా వచ్చేవాళ్ళే.

అక్కడ నిలబడి నేను అనుకున్న మాట ఇది: మా టీము కుర్రాడు కొత్తగా కనిపెట్టిన బతుకు ఇక్కడ తరాల నుంచీ ఉంది కదా!

వాళ్ళ క్యాలెండరు వినండి. వానలకి సొంతూళ్ళో నాలుగు గింజలు చల్లుకుంటారు. కోత అయ్యాక కొందరు ఇటు పత్తి ఏరడానికి వస్తారు. సంక్రాంతి దాటాక మిరప కోతలు మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. ఈలోగా ఇప్పపువ్వు రాలే రోజులు వస్తే కొందరు వెనక్కి పరిగెత్తుతారు. ఏప్రిల్ చివర, మే నెలల్లో తునికాకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లానికి మోస్తారు. మళ్ళీ తొలకరి. ఏ కాపు ఎప్పుడు వస్తుందో, ఏ దారిలో వాగు పొంగుతుందో, ఏ రైతు డబ్బులు ఎగ్గొడతాడో అంతా బుర్రలోనే. మనం రెండు వారాల స్ప్రింటు ప్లాను సరిగ్గా వెయ్యలేక ఛస్తున్నాం.

అమెరికాలో ఉన్న మిత్రులకి దీని రెండో ముఖం తెలిసే ఉంటుంది. అక్కడ ఆర్వీల్లో పూర్తికాలం బతికేవాళ్ళలో సరదాకి తిరిగేవాళ్ళు కొందరైతే, సీజను పనుల వెంట తిరిగేవాళ్ళు చాలా మంది. అక్టోబరు వస్తే ఉత్తర డకోటా, మిన్నెసోటాల్లో బీట్‌రూటు లాంటి చక్కెర దుంపల పని, పన్నెండేసి గంటల షిఫ్టులు. ఎండాకాలం క్యాంపుగ్రౌండుల్లో కాపలా. అమెజాన్ అయితే క్రిస్మస్ రద్దీ కోసం ఇలాంటి వాళ్ళని పెట్టుకోవడానికి 2008 నుంచి క్యాంపర్‌ఫోర్స్ అని ఒక కార్యక్రమమే నడిపింది, ఇప్పుడది లేదు. జెస్సికా బ్రూడర్ 2017 లో వీళ్ళ మీద 'నోమాడ్‌ల్యాండ్' అని పుస్తకం రాసింది. దాని మీద తీసిన సినిమాకి 2021 లో ఆస్కారు వచ్చింది. అందులో ఉన్నవాళ్ళు షోకు కోసం తిరిగేవాళ్ళు కాదు. 2008 దెబ్బకి ఇల్లో, పెన్షనో పోగొట్టుకుని అరవై ఏళ్ళు దాటాక బండెక్కిన వాళ్ళు ఎందరో. కాబట్టి అక్కడ అంతా స్వర్గమని నేననను.

కానీ ఒక్క తేడా ఉంది. నా గోలంతా దాని గురించే.

దక్షిణ డకోటా రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసి, ఆ రసీదు చూపించి, ఉత్తరాలు అందుకోడానికి ఒక చిరునామా అద్దెకి తీసుకుంటే చాలు, ఆ ఊరి వాడిగా డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు. టెక్సస్ లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో ఎస్కేపీస్ అనే ఆర్వీ క్లబ్బు వేలమందికి అలాంటి చిరునామాగా ఉంది. అంటే చక్రాల మీద బతికేవాడికి కూడా కాగితం మీద ఒక ఇల్లుంటుంది. లైసెన్సూ, బీమా, బ్యాంకు ఖాతా ఆ చిరునామాని పట్టుకునే ఉంటాయి. మా టీము కుర్రాడికీ అంతే. బండి గోవాలో ఉన్నా ఆధారు కూకట్‌పల్లిలో ఉంటుంది. స్వేచ్ఛ అనేది బండిలో లేదండీ, వెనక వదిలి వెళ్ళిన చిరునామాలో ఉంది.

ఇప్పుడు మా చేను గట్టుకి రండి.

ఆ గుంపులో పెద్దాయన్ని నేను దాదా అంటాను. ఆరేళ్ళుగా వస్తున్నాడు. నేను కంప్యూటరు పని చేస్తానని తెలిసి రేషను కార్డు పట్టుకొచ్చాడు. "బాబూ, ఈ కార్డుకి ఇక్కడ బియ్యం ఇస్తారంట కదా, చూడు" అన్నాడు. రూలు ప్రకారం ఇవ్వాలి. ఒకే దేశం ఒకే రేషను కార్డు పథకం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు మొట్టమొదటి జతల్లో ఒకటి మన ఆంధ్ర, తెలంగాణలే. ఛత్తీస్‌గఢ్ మాత్రం 2022 ఫిబ్రవరికి గానీ చేరలేదు, దాదాపు ఆఖరు. సరే, చేరింది కదా అని నేను హుషారుగా మేరా రేషన్ యాప్ దింపుకున్నాను. ఓటీపీ పంపించానంది. ఎవరికి పంపింది? కార్డు రాసిన రోజున ఎవరో తమ ఫోను నంబరు ఇచ్చారట. ఆ ఎవరో ఇప్పుడెక్కడున్నారో దాదాకి తెలీదు. పోనీ వేలిముద్ర వేయిద్దామని దుకాణానికి తీసుకెళితే మిషను మూడు సార్లు కాదంది. కాయలు కోసి కోసి వేళ్ళు అరిగిపోయాయి, కారం మంటకి తోలు లేచిపోయింది. పదేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీర్ని, గంటన్నర కుస్తీ పట్టి చేతులెత్తేశాను. దాదా ఏమీ అనలేదు. బయట కిలోకింత పెట్టి బియ్యం కొనుక్కుని వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం ఒక అప్పులిచ్చే సంస్థకి మేం రాసిన ఫారంలో "పర్మనెంట్ అడ్రసు" గడి పక్కన ఎర్ర చుక్క పెట్టింది నేనే. అది నింపకపోతే ముందుకి కదలదు. అంతటితో ఊరుకోలేదు. ఏడాదిలో మూడుసార్లు చిరునామా మారితే రిస్కు స్కోరు పెంచమని రూలు కూడా రాశాను. రివ్యూలో శభాష్ అన్నారు. దాదాని ఆపిన మిషను నేను రాసింది కాదు గానీ, రాసినవాడి బుర్ర, నా బుర్ర ఒకటే. కదిలేవాడు అనుమానించదగ్గవాడు, ఇదీ మనం కోడులో రాస్తున్నది.

మనమే కాదు, చట్టం కూడా అదే రాసింది. మనం గొత్తికోయలని పిలిచే వాళ్ళలో ఎక్కువమంది బస్తరు మురియాలు. అక్కడ షెడ్యూల్డు తెగ. వాగు దాటి ఇటొస్తే కాదు, ఎందుకంటే రాజ్యాంగం 342 వ అధికరణం ప్రకారం తెగల జాబితా రాష్ట్రానికొకటి. 1990 లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ కేసు వేసినవాడు మన తెలుగువాడే, మర్రి చంద్రశేఖర రావు. ఆంధ్రలో ఎస్టీ, బొంబాయిలో మెడికల్ సీటుకి వెళితే కాదు పొమ్మన్నారు.

సీజనుకి వచ్చి పోయేవాళ్ళు కాక, ఇక్కడే ఉండిపోయిన వాళ్ళున్నారు. 2005 జూన్ లో అవతల సల్వా జుడుం మొదలైంది. ఊళ్ళకి ఊళ్ళు తగలబడితే అడవి దాటి ఖమ్మం, వరంగల్ వైపు వచ్చేశారు. ఆ జుడుం చెల్లదని సుప్రీంకోర్టు 2011 జులైలో చెప్పింది. ఇళ్ళు కాలాక చెప్పింది లెండి. ఇక అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆ తేదీ తర్వాత సాగు చేసుకున్న నేలకి హక్కు లేదు. మంటల్లోంచి పారిపోయి వచ్చినవాడు గడువు తేదీ చూసుకుని పారిపోవాలన్నమాట!

"మరి అడవి నరుకుతున్నారు కదా?" అని అడుగుతారు. నరుకుతున్నారు, అది నిజం. ఇక్కడి కోయలకి తమ వాటా పోతుందనే భయం ఉంది, అదీ నిజమే. 2022 నవంబరు 22 న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. అది హత్య, దానికి సమర్థన లేదు. చంపినవాడికి శిక్ష పడాల్సిందే. కానీ ఆ తర్వాత అక్కడి పంచాయతీ గొత్తికోయలందర్నీ పంపించెయ్యాలని తీర్మానం చేసింది. మన ఆఫీసులో ఒకడు నేరం చేస్తే ఫ్లోరు మొత్తాన్ని ఖాళీ చేయిస్తారా?

"వాళ్ళు ఛత్తీస్‌గఢ్ బాధ్యత, మనకెందుకు?" అని ఇంకో ప్రశ్న. అయ్యా, సరిహద్దు అంత పవిత్రమైనదైతే 2014 లో ఏం జరిగింది? పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వగైరా మండలాలు ఆంధ్రకి వెళ్ళిపోయాయి. భద్రాచలం గుడి తెలంగాణలో ఉంది, ఊరు దాటి నాలుగడుగులేస్తే ఎటపాక ఆంధ్రలో ఉంది. కదలకుండా ఇంట్లో కూర్చున్నవాడికే రాష్ట్రం మారిపోయింది. ఢిల్లీ అవసరానికి సరిహద్దు జరగొచ్చు గానీ, మన మిరపకాయ అవసరానికి మనిషి హక్కు జరగకూడదా?

అవసరం మనదే, అది గుర్తుంచుకోండి. ఖమ్మం యార్డులో తేజ రకం కాయ ఎర్రగా గుట్టలు పోసి ఉంటే ఫోటోలు తీసుకుంటాం, చైనాకి ఎగుమతి అని గర్వపడతాం. ఆ కాయ ఒక్కొక్కటీ చేత్తో కోసిందే, దానికి మిషను లేదు. ఇంత పెద్ద పంటని కోసే మనిషి ఏ రిజిస్టరులోనూ లేడు. 1979 లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమొచ్చింది, కాంట్రాక్టరు వీళ్ళ పేర్లు నమోదు చెయ్యాలి, దారి ఖర్చు ఇవ్వాలి అని. నలభై ఏళ్ళలో మా ఊళ్ళో ఏ మేస్త్రీ చేతిలోనూ అలాంటి కాగితం నేను చూడలేదు. దాని స్థానంలో 2020 లో కొత్త కోడు రాసి, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చారు. మా చేను గట్టు దాకా అది ఇంకా నడిచి రాలేదు.

రిజిస్టరులో లేకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్ లో చూశాం. లాక్‌డౌను పొడిగించగానే, మా పక్కనే ములుగు జిల్లా మిరప చేలల్లో పని చేస్తున్న ఒక గుంపు బీజాపూరు వైపు నడక మొదలుపెట్టింది. అందులో పన్నెండేళ్ళ పిల్ల ఉంది. రోడ్డు మీద పోలీసులు ఆపుతారని అడవి దారి పట్టారు. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనగా ఆ పిల్ల చచ్చిపోయింది. ఆ సెప్టెంబరులో, దారుల్లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్క ఉంచలేదని కేంద్రం జవాబిచ్చింది. డేటా బేసులో వరస లేనివాడు చచ్చిపోయినా లెక్కకి రాడు. ఇది మనకి ఎవరూ వివరించనక్కర్లేదు కదా, రోజూ చేసే పనే.

నేనడిగేది విప్లవం కాదు. చిరునామా గడిలో ఒకటి బదులు మూడు చోట్లు పట్టనివ్వండి, ఏ నెలలో ఎక్కడ అని. వేలిముద్ర పడకపోతే ఏం చెయ్యాలో డీలరుకి మిషను మీదే చూపించండి. ఓటీపీ నంబరు పని చేసే చోటే మార్చుకోనివ్వండి. కోతల నెలల్లో అంగన్‌వాడీ పద్దులో ఆ ఉయ్యాల్లో పిల్లని రాయించండి. మేస్త్రీ తెచ్చిన ప్రతి మనిషి పేరూ పంచాయతీలో ఒక పుస్తకంలో పడేలా చూడండి. ఇవన్నీ సర్కారువే అనుకోకండి. వీటి టెండర్లు మన కంపెనీలే వేస్తాయి, ఆ గడులు మనలాంటి వాళ్ళమే గీస్తాం. క్లయింటు అడగలేదంటారా? ఎర్ర చుక్క పెట్టమని కూడా నన్ను ఏ క్లయింటూ అడగలేదు, అలవాటు కొద్దీ పెట్టేశాను.

ఇక మా ఇంటి సంగతి. ఊరు నుంచి బయల్దేరే ముందు నాన్న కూలీ లెక్కల పుస్తకం తీసి చూశాను. "మేస్త్రి మనుషులు 23" అని ఉంది. ఏడాది ఏడాదికీ అంకె మారింది తప్ప పేరు లేదు. "ఏంది నాన్నా, ఆరేళ్ళ నుంచి వస్తున్నారు, ఒక్కళ్ళ పేరూ రాయలేదా?" అంటే, "పేర్లెందుకురా, కాటా చాలదా? కాయకి రేటు లేక నేనేడుస్తుంటే" అన్నాడు. 2025 లో మిర్చి ధర ఎలా పడిపోయిందో నాకూ తెలుసు, ఆయన కష్టం అబద్ధం కాదు. కానీ పేరు రాయడానికి పైసా ఖర్చు కాదు.

ఆ సాయంత్రం నేనూ దాదా కూర్చుని ఇరవై మూడు పేర్లూ, ఊళ్ళూ రాశాం. రెండు గంటలు పట్టింది. దాదా పేరు రాసేటప్పుడు తెలిసింది, ఆరేళ్ళుగా నేను కూడా ఆయన పేరు అడగలేదని.

ఆఫీసుకొచ్చాక ఆ ఎర్ర చుక్క తీసెయ్యమని, ఆ రూలు మార్చమని ఒక టిక్కెట్టు పెట్టాను. "వ్యాపార అవసరం ఏమిటి?" అని అడిగి పక్కన పెట్టారు. మళ్ళీ తెరిచాను. మీ ప్రాజెక్టులో కూడా అలాంటి గడి ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి.