మట్టి దుర్యోధనుని పక్షమున

తక్కువ పెట్టుబడితో, పెద్ద సంస్థల అండ లేకుండ, పేరుపడిన ముఖమొక్కటియు లేకుండ తీసిన చిత్రమును చూచి వెలుపలికి వచ్చువారి నోట మా చిత్తూరు ప్రాంతమున ఒక మాట స్థిరపడిపోయినది: “పాపం, ఉండే దుడ్డులో బాగానే తీసినారు.” ఈ మాటలో దయ యున్నదని అందరును తలచుచున్నారు. నాకిందు అవమానమే కనబడుచున్నది. రెండు గంటలసేపు కడుపుబ్బ నవ్వి, ప్రక్కవాని భుజము చరచి, కథానాయకుడు గోడ దూకలేక వ్రేలాడినప్పుడు ఊపిరి బిగబట్టి, ఆ యానందమంతయు తనదిగా ఉంచుకొని, తీసినవానికి జాలిని మాత్రము చెల్లించుట ఏపాటి న్యాయము?

ఈ జాలి వెనుక ఒక సిద్ధాంతమున్నది. కన్నీటి కథకు ధనమక్కరలేదు, నలుగురు మంచి నటులును ఒక పెంకుటిల్లును చాలును. కాని కొట్లాటయు నవ్వును కలిసిన చిత్రమునకు పేలుళ్ళు కావలయును, గాలిలో పల్టీలు కొట్టు కార్లు కావలయును. అవి లేనివాడు ఆ జోలికి పోరాదు, పోయినచో మనము క్షమించి చూడవలయును. విమర్శకులు, థియేటరు యజమానులు, తుదకు సినిమా తీయగోరు కుర్రవాండ్రు సైతము దీనిని శాస్త్రమువలె నమ్ముచున్నారు. ఇది తలక్రిందులైన నమ్మకమని నా వాదము. ధనలోపముచేత మరి యే జాతి చిత్రమైనను చెడిన చెడవచ్చును గాని, పోరును హాస్యమును పెనవేసికొన్న చిత్రము చెడనక్కరలేదు. దానికి లేమియే ముడిసరుకు.

మా జిల్లాలో ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళవారికి ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆ గుళ్ళలో భారతోత్సవము జరుగు దినములలో పగలు హరికథ, రాత్రి వీధినాటకము, నడుమ నొకనాడు అర్జునుడు తపస్సు మాను ఎక్కుట, కడపట దుర్యోధన వధ. ఆనాడు గుడి ముందటి బయలులో మట్టితో దుర్యోధనుని పరుండబెట్టుదురు; తల యొక చోట, పాదములు ఎంతో దూరమున; కోరమీసములు, కిరీటము, రంగులద్దిన గ్రుడ్లు. నా చిన్ననాట నేను చూచిన వధలో ఆ మట్టి దేహము చుట్టును వేషగాండ్రిరువురు, భీముడొకడును దుర్యోధనుడొకడును, చెక్కగదలు పట్టుకొని మిట్టమధ్యాహ్నపు టెండలో పరుగులు తీసిరి. దుర్యోధనుడు తన మట్టి రొమ్ము మీదికి తానే ఎక్కి తొడ చరచి వెక్కిరించెను, భీముడు తరిమెను, అరికాళ్ళు కాలి ఇద్దరును ఎగిరెగిరి గంతులు వేయగా జనమంతయు గొల్లున నవ్వెను. ఆ నవ్వు ముఖములనుండి తొలగకమునుపే గద తొడమీద పడినది, మట్టి పగిలినది, నవ్విన జనమే చేతులెత్తి మ్రొక్కినది. పోరును హాస్యమును భక్తియు ఒక్క క్షణములో ఒకదాని నొకటి తాకిన అంతటి ఘట్టమును నేనే వెండితెర మీదను ఎరుగను. ఆ గదలు చెక్కవని చంకలోని బిడ్డకు సైతము తెలియును. “పాపం, ఉండే దుడ్డులో బాగానే చేసినారు” అని ఆనాడెవ్వరును అనలేదు.

భరతముని నాట్యశాస్త్రమున ఆహార్యాభినయమును వివరించుచు, రంగము మీది ఆయుధములు ఇనుమువంటి బరువైన వానితో చేయరాదనియు, అవి నటుని అలయించుననియు, వెదురు, గడ్డి, లక్క, గుడ్డలతో పోలిక తెచ్చిన చాలుననియు చెప్పినాడు. ఆయుధముతో నిజముగా పొడువవలదు, సంజ్ఞ చాలునన్నాడు. ఇది బీదనటులకు చూపిన కనికరము కాదు. రాజు ముందర ఆడినను అదే నియమము. వికృతమైన వేషము, పొసగని అలంకారము, తగని చేష్ట, వీనినుండి హాస్యము పుట్టునని చెప్పినవాడును ఆయనయే. పొందిక తప్పుట హాస్యమునకు విత్తనమన్నమాట. ధనము చేయు మొదటి పని పొందిక తప్పినచోటనెల్ల పూత పూయుట.

కొట్లాటలో నవ్వు పుట్టవలెనన్న మనిషి బరువు మనకు తెలియవలయును. తీగలకు వ్రేలాడుచు పదిమందిని ఒక్క తన్నుతో ఎగురగొట్టు నాయకుడు క్రింద పడడు. పడనివానిని చూచి ఈల వేయగలము, నవ్వలేము. గుద్దిన తరువాత తన పిడికిలినే ఊదుకొనువాడు, తరుముచు దమ్ము చాలక నడుము పట్టుకొని నిలిచిపోవువాడు, వాడు నిలిచెను గదా యని తానును నిలిచి వగర్చువాడు: వీరు మనవారు.

ఈ మర్మము తెలిసిన ఇద్దరు దర్శకులు మన నేలనుండియే వెళ్ళిరి. నిడిమోరు రాజ్ తిరుపతివాడు, కృష్ణ డీకే చిత్తూరువాడు. ఇరువురును శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగములు చేయుచు, 2003లో ‘ఫ్లేవర్స్’ అను చిన్న చిత్రమును తీసిరి. 2009లో హిందీలో వచ్చిన వారి ‘99’ను నేను పలుమారులు చూచితిని. దొంగ సిమ్ముకార్డులతో బ్రతుకు ఇద్దరు చిల్లర మోసగాండ్రు, పోలీసులకు దొరకకుండ పారిపోవు తొందరలో ఒక బుకీ కారును ధ్వంసము చేసి, ఆ బాకీ తీర్చుటకై వానికి రావలసిన సొమ్ము వసూలు చేయ ఢిల్లీకి పోవుదురు. అందెవ్వడును వీరుడు కాడు. ప్రతి పరుగు వెనుకను ఒక అప్పున్నది. నూటికి ఒక్కటి తక్కువగు బ్రతుకే కథకు పేరైనది. ఇట్టి కథకు కోట్ల హంగు కూర్చినచో ఆ అప్పును నమ్మువాడెవ్వడు?

రాజ్, డీకేలు నిర్మింపగా ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వమున 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’ పోరాట చిత్రము కాదు. అయినను నా వాదమునకు అది బలమైన సాక్షి. ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడుపు వీరబాబుకు తన బండిలో ఎవరో మరచిపోయిన కెమేరా దొరకును. పెండ్లిండ్లకు ఫొటోలు తీయు గణపతిని వెంటబెట్టుకొని అతడు సినిమాకు పూనుకొనును. క్షౌరశాలవాడు నాయకుడగును, కూరగాయలమ్ము మంగ నాయిక యగును. దీనిని “అమాయకుల ముచ్చట” అని మెచ్చుకొన్నవారున్నారు. నేనొప్పుకొనను. ఆ పల్లెవారు సినిమాను మనకంటె ఎక్కువ గౌరవించినవారు. వెలుతురు పోవుచున్నదని వారు పడు ఆరాటము ఏ మహా దర్శకుని ఆరాటమునకును తీసిపోదు. పెద్ద తారలు లేక క్రొత్తవారే నటించుటచేత, మా సరిహద్దు యాస తెరమీద వేషము వేసికొనక తన కాళ్ళమీద తాను నడిచినది.

అన్యదేశములందును ఇదియే వరుస. 1992 నాటి ‘ఎల్ మారియాచి’ని రాబర్ట్ రోడ్రిగెజ్ సుమారు 7,000 డాలర్లతో తీసెను; అందు కొంత సొమ్ము ఔషధ పరీక్షలకు తన దేహము నప్పగించి సంపాదించినది. చేతికందిన బస్సు, కుక్క, తాబేలు మొదలైనవానిని లెక్క వేసికొని పిదప కథ అల్లెను. చక్రాల కుర్చీలో కూర్చుండి కెమేరాను పరుగెత్తించెను. గిటారు పెట్టెతో తిరుగు పాటగానిని తుపాకుల పెట్టెతో తిరుగు హంతకుడని పొరబడుట: ఇంతకంటె చౌకయైనదియు, ఇంతకంటె చక్కగా పరుగెత్తునదియు అగు ఇతివృత్తమును చూపుడు! ఉగాండాలోని వాకలిగ వాడలో ఐజాక్ నబ్వానా ఇనుపతుక్కుతో తుపాకులు చేయించి 2010లో తీసిన ‘హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్’ రెండువందల డాలర్లకు లోపే ముగిసినదని ప్రసిద్ధి. దానిని లోకము వింతగా చూచి నవ్వినది. చెడ్డగా ఉన్నది గనుక వేడుకగా ఉన్నదను ఆ చూపు జాలికంటెను హీనమైనది. నవ్వించుటకే వారు దానిని తీసిరి. నడుమ నడుమ గొంతు కలిపి ప్రేక్షకుల నుత్సాహపరచు వ్యాఖ్యాతను చిత్రములోనే కూర్చుకొనిరి. వారి గెలుపును మనము వారి ఓటమిగా లెక్క వ్రాసితిమి.

అయితే లోపములన్నియు గుణములేనా యని అడుగువారికి నా సమాధానము: కానేకావు. సంభాషణ వినబడకపోవుట లేమి కాదు, అశ్రద్ధ. ఎవడెవని కొట్టుచున్నాడో తెలియకుండ తెరను వణికించుట అశ్రద్ధయే, అది కోట్ల చిత్రములలోను తక్కువ లేదు. పనిచేసినవారికి కూలి యెగవేసి దానిని కళాభిమానమని పిలుచుట పాపము. వీనిని నిర్దాక్షిణ్యముగా విమర్శింపుడు. క్షమించినచో మరల అది జాలియే యగును.

పెద్ద ఖర్చుపై నాకు పగ లేదు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ మా గంగమ్మ జాతరను అంత తెర నిండ చూపగా నా ఒడలు పులకరించినది. కాని తిరుపతి వీధులలో ఆ వేషములు వేయువారికి బైరాగి వేషమునకు తెల్లసుద్ద, బండ వేషమునకు కుంకుమ, తోటి వేషమునకు బొగ్గుపొడి చాలును. ఆ బొగ్గుపొడివాడు ఎదురుపడి తిట్టినప్పుడు మేము వెనుకకు తగ్గినంత దూరము ఏ తెర యెదుటను తగ్గలేదు.

భారతము ముగిసిన సాయంకాలమున మా ఊరివారు ఆ పగిలిన దుర్యోధనుని మట్టిని ఇండ్లకు కొనిపోవుదురు. మా అవ్వ ఒక పెళ్ళను కొంగున ముడివేసికొని వచ్చి, కాళ్ళు కడుగుకొని, ధాన్యపు గాదెలో వేసెడిది.