గుంతలో దిగే శ్రామికుడికి రక్షణ ఏది?

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ గల్లీలోనైనా మెకానిక్ షెడ్డుకు వెళితే లారీ కింద పనికోసం నేలలో తవ్విన గుంతను మనం చూస్తాం. జాకీ మీద నిలిపిన బండి కింద దూరడంకన్నా ఇది మేలే. కాని పెట్రోలు ఆవిరి, ఎల్‌పీజీ గాలికంటే బరువైనవి. అవి గుంత అడుగున పేరుకుంటాయి. బల్బు పగిలి ఒక్క నిప్పురవ్వ పుట్టినా చాలు.

అందుకే గుంతకు మూతగాని కంచెగాని ఉండాలనీ, తగిన రక్షణ లేకుండా లోపల 24 వోల్టులు మించిన చేతిదీపం వాడరాదనీ 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అయితే కరెంటుతో పని జరిగేచోట 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ముగ్గురు నలుగురితో నడిచే షెడ్డు సాధారణంగా అప్పుడూ ఈ లెక్కకు బయటే, ఇప్పుడూ బయటే.

ఇన్‌స్పెక్టర్ రానంతమాత్రాన ప్రాణం చవక కాదు. పని లేనప్పుడు గుంతపై పలకలు పరచడం, గుంత మీద పెట్రోలు ట్యాంకు విప్పకపోవడం, ఇంజను ఆపాకే మనిషిని దింపడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పని నేర్పే ఉస్తాద్ శిష్యుడి ప్రాణానికీ బాధ్యుడే. యజమానుల సంఘాలు ఈ కట్టుబాటు తామే పెట్టుకోవాలనీ, ప్రభుత్వం చిన్న షెడ్లనూ తనిఖీ పరిధిలోకి తేవాలనీ కోరుతున్నాం.