జీను కథ చెప్పిన బొమ్మలు

2005 నవంబరు 16 రాత్రి అమెరికాలో కామెడీ సెంట్రల్ చానెల్లో ‘సౌత్ పార్క్’ కార్టూన్ అయిపోయాక తెర మీద పేర్లు పడ్డాయి. రాసింది జాన్ స్మిత్. తీసింది జాన్ స్మిత్. బొమ్మలు కదిలించిన వాళ్లు, గొంతులిచ్చిన వాళ్లు, లెక్కలు చూసిన వాళ్లు, అందరూ జాన్ స్మిత్‌లే, కాకపోతే జేన్ స్మిత్‌లు. మన దగ్గరైతే ఆ జాబితా నిండా సుబ్బారావు, సుబ్బలక్ష్మి అని వేసినట్టు. కోర్టు నోటీసు ఏ సుబ్బారావుకు పంపుతారో పంపుకోండి అని దాని భావం.

ఆ రోజు ఆ కార్టూన్ వెక్కిరించింది సైంటాలజీ మతాన్నీ, దాని ప్రధాన భక్తుడైన సినీనటుడు టామ్ క్రూజ్‌నీ. దాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్విన వాళ్ల మీద పెద్దమనుషులు మోపే నేరం ఒకటుంది. ఎవరి నమ్మకం వాళ్లది, ఎవరి దేవుడు వాళ్లకు గొప్ప, మనోభావాలు దెబ్బతీసి నవ్వుకోవడం సంస్కారమా అంటారు. భక్తులే కాదు, ఏ మతమూ పట్టని చదువుకున్న వాళ్లూ ఇదే పాట పాడతారు. హాస్యం ఉండొచ్చు గానీ మతం జోలికి పోకూడదన్నది ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకున్న మర్యాద. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ఎపిసోడ్‌లో ఏముందో ఒకసారి చూస్తే మాత్రం ఈ మర్యాద ఎవరికి పనికొస్తుందో తెలుస్తుంది.

స్టాన్ అనే చిన్న కుర్రాడు వీధిలో ఉచితంగా చేస్తామన్న వ్యక్తిత్వ పరీక్షకు కూర్చుంటాడు. నువ్వు బాగా కుంగిపోయి ఉన్నావు, బాగుచేస్తాం, 240 డాలర్లు పట్టుకురా అంటారు. దాచుకున్న డబ్బు తెచ్చి కడతాడు. మీటరు పెట్టి చూస్తే ముల్లు ఎక్కడికో పోతుంది. ఇంకేముంది, మత స్థాపకుడు ఎల్. రాన్ హబ్బర్డ్ మళ్లీ పుట్టాడని ఇంటి ముందు జనం పోగవుతారు. టామ్ క్రూజ్ కూడా దర్శనానికి వస్తాడు. నా నటన ఎలా ఉంటుందని అడుగుతాడు. ఫరవాలేదు గానీ లియొనార్డో డికాప్రియో అంత కాదని కుర్రాడు ఉన్నమాట చెప్పేసరికి, సాక్షాత్తూ ప్రవక్తే తీసిపారేశాడని కుమిలిపోయి బట్టల గదిలో దూరి గడియ పెట్టుకుంటాడు.

ఆపైన మతాధ్యక్షుడు స్టాన్‌ను కూర్చోబెట్టి అసలు రహస్యం చెబుతాడు. 7.5 కోట్ల ఏళ్ల కిందట నక్షత్ర మండలాలను ఏలిన జీను అనే ప్రభువు ఉండేవాడు. (తెలుగువాళ్లకు జీను అంటే గుర్రం వీపున వేసేదే గుర్తుకొస్తుంది. ఆ తప్పు హబ్బర్డ్‌ది.) జనాభా ఎక్కువైందని జీవుల్ని గడ్డకట్టించి, విమానాల్లాంటి ఓడల్లో భూమికి తెచ్చి, అగ్నిపర్వతాల్లో పడేశాడు. దిక్కులేక తిరిగిన ఆ ఆత్మలే మనుషుల్ని పట్టుకున్నాయి, మన బాధలన్నిటికీ అవే మూలం. ఈ కథ నడుస్తున్నంతసేపూ తెర కింద పెద్ద అక్షరాలు కనిపిస్తాయి: సైంటాలజిస్టులు నిజంగా నమ్మేది ఇదే.

హాస్యమంతా ఆ అక్షరాల్లోనే ఉంది. కథకు రచయితలు తమ సొంత ఉప్పూకారం చల్లింది బహు తక్కువ. ఎందుకంటే ఈ కథ హబ్బర్డ్ స్వయంగా రాసిందే. ఏళ్ల తరబడి వేల డాలర్లు పోసి మెట్లెక్కిన వాళ్లకు తప్ప చెప్పకుండా దాచిందే. 1985లో లాస్ ఏంజెలెస్ కోర్టు ఒక కేసులో దాఖలైన ఈ కాగితాలను జనం చూడొచ్చని అన్నప్పుడు, బయటివాళ్లకు అవి అందకుండా దాదాపు 1,500 మంది సైంటాలజిస్టులు కోర్టు భవనంలో కిక్కిరిసి నిలబడ్డారు. 1991లో టైమ్ పత్రిక ఈ మతం మీద ముఖపత్ర కథనం వేస్తే 41.6 కోట్ల డాలర్లకు దావా పడింది. కేసు నిలవలేదు. కానీ గెలవడానికే పత్రికకు ఏళ్లు పట్టింది, లక్షల డాలర్ల లాయరు ఫీజులు పట్టాయి. జాన్ స్మిత్‌ల వరస వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇరవై రెండు నిమిషాల్లో, పైసా పుచ్చుకోకుండా, ఆ రహస్యాన్ని బొమ్మలు ఇంటింటికీ చేర్చాయి. దీన్ని అవమానం అంటారా? మన ఊళ్లో హరిదాసు గజేంద్రమోక్షం చెప్పడానికి ముందు శ్రోతల బ్యాంకు నిల్వ అడగడు. విన్నది బయట చెబితే కోర్టుకు ఈడుస్తాననీ అనడు. తన మతంలో ఉన్న కథను ఉన్నట్టు చెబితేనే నొచ్చుకునే సంస్థకు, ఆ నొప్పి పెట్టింది కార్టూన్ కాదు.

సరే, టామ్ క్రూజ్ నమ్మకం ఆయన సొంత వ్యవహారం కదా అంటారు. సొంత వ్యవహారంగా ఉంచుకుంటే అంతే. 2005 జూన్‌లో ఎన్‌బీసీ టీవీలో కూర్చుని మానసిక వైద్యం అసలు శాస్త్రమే కాదని దేశానికి ఉపదేశం చేసింది ఆయనే. ప్రసవం తర్వాత కుంగిపోయి మందులు వాడిన నటి బ్రూక్ షీల్డ్స్‌ను తప్పుపట్టిందీ ఆయనే. ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి జవాబు చెప్పాల్సి వచ్చింది. హాలీవుడ్‌లో తారల కోసమే ప్రత్యేక కేంద్రం నడిపే మతం అది. తారలు దాని దుకాణం ముందు అద్దాల బీరువాలో పెట్టిన సరుకు. వీధిన పోయేవాడు సరుకు చూసి నవ్వితే, లోపలికి ఎందుకు తొంగిచూశావని కసరడం ఏం న్యాయం?

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో బట్టల గదిలోంచి బయటికి రావడమంటే తాను స్వలింగ ప్రేమికుణ్నని బాహాటంగా ఒప్పుకోవడం. క్రూజ్‌ను ఆ గదిలో పెట్టి, బయటికి రావయ్యా అని ఊరంతా బతిమాలే దృశ్యాలు ఆ శ్లేష మీదే నడుస్తాయి. ఆధారం లేని పుకారు తప్ప దాని వెనక ఏమీ లేదు. ఎపిసోడ్ మొత్తంలో చప్పగా ఉన్నదీ, నీచంగా ఉన్నదీ అదే. జీను కథ దగ్గర రచయితలకు విషయం తెలుసు. గది దగ్గర తెలియదు. తెలిసి వెక్కిరించడం వేరు, తెలియక వెక్కిరించడం వేరు. మనోభావాల లెక్క తీసేవాళ్లు పట్టించుకోనిది సరిగ్గా ఈ తేడానే.

వాళ్లు తరచూ సాక్ష్యంగా చూపేది గాయకుడు ఐజక్ హేస్‌ని. 1997లో సౌత్ పార్క్ మొదలైనప్పటి నుంచీ షెఫ్ పాత్రకు గొంతు ఆయనదే. ఆయనా సైంటాలజిస్టే. 2006 మార్చిలో, మత విశ్వాసాల పట్ల అసహనం పెరిగిందంటూ ఆయన పేరున ప్రకటన వచ్చింది, ఆయన తప్పుకున్నారు. క్రైస్తవుల్ని, మోర్మన్లని, యూదుల్ని వెక్కిరించినన్నాళ్లూ చెక్కులు పుచ్చుకోవడానికి అడ్డురాని బాధ ఇప్పుడెక్కడిదని నిర్మాత మాట్ స్టోన్ ఎద్దేవా చేశాడు. అదే నెల ఆ ఎపిసోడ్ పునఃప్రసారాన్ని చానెల్ చివరి క్షణంలో ఆపేసింది. క్రూజ్ ఒత్తిడేనని పత్రికలు రాశాయి, ఆయన మనుషులు కాదన్నారు. జులైలో మళ్లీ వేశారు.

పదేళ్ల తర్వాత, 2016లో, హేస్ కొడుకు నోరు విప్పాడు. 2006 జనవరిలో నాన్నకు పక్షవాతం వచ్చింది, రాజీనామా లాంటి నిర్ణయం తీసుకునే స్థితిలో ఆయన లేడు, చుట్టూ ఉన్నవాళ్లే ఆయన తరఫున చేశారు అన్నాడు. అదే నిజమైతే, ఇన్నాళ్లూ అందరూ చెప్పుకున్న ఆ గాయపడ్డ మనోభావం ఎవరిది?

దీనికి ఎదురు ఉదాహరణ ఇంకో కార్టూన్‌లో ఉంది. ‘ద సింప్సన్స్’లో బార్ట్ పాత్రకు గొంతు నాన్సీ కార్ట్‌రైట్‌ది. ఆవిడా సైంటాలజిస్టే, ఆ మతానికి లక్షల డాలర్లు విరాళమిచ్చిన భక్తురాలు. 1998లో ఆ కార్టూన్ ఇలాంటి కొత్త మతాల మీద ఒక ఎపిసోడ్ తీస్తే, అందులోనూ బార్ట్‌గా మాట్లాడింది. తర్వాతా మాట్లాడుతూనే ఉంది.

మనోభావాలను కొలబద్దగా పెట్టుకుంటే చివరికి కొలిచేది ఏమిటో సౌత్ పార్క్ చరిత్రే చెబుతుంది. 2001లో ఒక ఎపిసోడ్‌లో ఏసు, బుద్ధుడు, కృష్ణుడు, ముహమ్మద్ ప్రవక్త కలిసి వీరుల దళంగా వచ్చి, ఒక మాంత్రికుడు పెట్టిన బ్లెయింటాలజీ అనే దొంగ మతాన్ని ఓడిస్తారు. పేరు ఎవరిని గిల్లుతోందో చెప్పనక్కర్లేదు. అప్పుడు పెద్దగా గొడవ లేదు. 2010లో అదే దళాన్ని మళ్లీ తెస్తే బెదిరింపు వచ్చింది, ప్రవక్త పేరు వినిపించిన ప్రతిచోటా చానెల్ కీచుమనే శబ్దం పెట్టింది. తొమ్మిదేళ్లలో మారింది విశ్వాసం కాదు, చానెల్ భయం. ఒకరు లాయర్లతో, ఒకరు హెచ్చరికలతో భయపెడతారు. భయపెట్టలేని వాళ్ల మనోభావాలు మాత్రం ఎవరికీ పట్టవు.

మోర్మన్ల ఉదాహరణ ఇంకా రుచిగా ఉంటుంది. 2003లో వచ్చిన సౌత్ పార్క్ ఎపిసోడ్ ఆ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ కథను వాళ్ల చరిత్రలోంచే తీసి చెప్పింది. బంగారు పలకలు, టోపీలో పెట్టి చూసిన రాయి, 1828లో అతని శిష్యుడు మార్టిన్ హారిస్ పోగొట్టుకున్న 116 పేజీల రాతప్రతి, అన్నీ అందులో ఉన్నాయి. నమ్మినవాళ్ల తెలివిని పాట కట్టి మరీ ఎగతాళి చేసింది. కానీ ఎపిసోడ్ చివర గెలిచింది మోర్మన్ కుర్రాడే. కథ నిజమో కాదో నాకెందుకు, మా ఇంట్లో అందరం ప్రేమగా ఉంటాం, అది చాలని చెప్పి పోతాడు. వెక్కిరించిన వాడి నోరే మూతపడుతుంది. 2011లో సౌత్ పార్క్ సృష్టించిన జంట, ట్రే పార్కర్, మాట్ స్టోన్, మరొకరితో కలిసి మోర్మన్ల మీద బ్రాడ్‌వే సంగీత నాటకం వేసి తొమ్మిది టోనీ అవార్డులు కొట్టుకుపోయారు. మోర్మన్ చర్చి ఏం చేసింది? దావా వేయలేదు. ప్రేక్షకుల చేతిలో పెట్టే నాటక పుస్తికలోనే డబ్బిచ్చి ప్రకటనలు వేసుకుంది. నాటకం చూశారు కదా, ఇప్పుడు అసలు గ్రంథం చదవండని. దెబ్బతిన్నది వాళ్ల విశ్వాసమే అయితే అంత ధీమా ఎక్కడినుంచి వచ్చినట్టు?

అందరినీ సమానంగా తిడుతున్నాం కాబట్టి ఏం చేసినా చెల్లుతుందని ఈ కార్టూన్ల వీరాభిమానులు వాదిస్తారు. ఆ వాదన కూడా నిలవదు. దాన్ని పడగొట్టింది ఒక తెలుగింటి కుర్రాడు. హరి కొండబోలు న్యూయార్క్‌లో పుట్టిన హాస్యనటుడు, తల్లిదండ్రులు ఆంధ్రా నుంచి వెళ్లినవాళ్లు. ద సింప్సన్స్‌లో 1990 నుంచీ కనిపించే దుకాణదారు అపూ మీద 2017లో అతను డాక్యుమెంటరీ తీశాడు. సత్యజిత్ రాయ్ సినిమాల నుంచి తీసుకున్న పేరు, నోరు తిరగని ఇంటిపేరు, హ్యాంక్ అజారియా అనే తెల్లవాడు పెట్టిన గొంతు. అపూ హిందువు, వినాయకుడి బొమ్మ ఉంటుంది, ఎనిమిది మంది పిల్లలుంటారు, కానీ ఎన్నో ఎపిసోడ్లలో నవ్వు పుట్టేది అతని మాట యాస నుంచే. ఆ యాస వెనక ఏ ఊరూ లేదు, ఏ భాషా లేదు. జీను కథ రాసిన వాళ్లు కోర్టు కాగితాల్లో ఉన్న సంగతి చెప్పారు. ఇక్కడ చెప్పడానికి సంగతే లేదు. ఆ బొమ్మను నిజమనుకుని 2007లో సెవెన్ ఇలెవెన్ కంపెనీ సినిమా ప్రచారం కోసం డజను దుకాణాలను అపూ కొట్టులా అలంకరించింది కూడా.

కొండబోలు నిషేధం అడగలేదు. ద సింప్సన్స్ తనకు ఇష్టమనే చెప్పాడు. మనోభావాలని గుండెలు బాదుకోలేదు, వెక్కిరింతకు వెక్కిరింతే వడ్డించాడు. అజారియాతో కెమెరా ముందు మాట్లాడాలని సినిమా పొడుగునా ప్రయత్నిస్తాడు. ఆయన చిక్కడు. 2018లో ద సింప్సన్స్ దీనికిచ్చిన జవాబు, లీసా అనే పాత్ర నోట పలికించిన రెండు ముక్కలు, నవ్వించలేదు సరికదా విసుగే తెప్పించింది. 2020లో అజారియా ఇక ఆ గొంతు పెట్టనన్నాడు. మరుసటి ఏడాది ఒక పాడ్‌కాస్ట్‌లో క్షమాపణ చెబుతూ, తన కొడుకు చదివే బడిలో భారతీయ పిల్లలతో మాట్లాడిన సంగతి చెప్పాడు. వాళ్లలో ఒక పదిహేడేళ్ల అబ్బాయి ద సింప్సన్స్ ఒక్కసారైనా చూడలేదట. అపూ అంటే ఏమిటో మాత్రం బాగా తెలుసట.