ఆ రాత్రి మిమ్మల్ని ఎవరూ చూడనక్కర్లేదు

ఫిల్మ్‌నగర్,
హైదరాబాద్.

అమ్మాయిలకు,

మొన్న మా మనవరాలు వచ్చింది. "అమ్మమ్మా, వచ్చే నెల ఆడపిల్లలం పదిమందిమి కలిసి ఒక రాత్రంతా ఆటలాడుకుంటున్నాం. పాత సినిమాల థీమ్. నీ దగ్గర అంచు చీరలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. పెట్టె తీసి చీరలిచ్చాను. చెప్పాల్సిన మాటలు మాత్రం అది వెళ్ళిపోయాక గుర్తొచ్చాయి. దాని ఈడు పిల్లలు ఈ కొండ మీద చాలామందే ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను డబ్బింగ్ చెప్పి బతికిన మనిషిని. ముందు మద్రాసులో, పరిశ్రమ ఇటు తరలివచ్చాక ఇక్కడ. మా రోజుల్లో ఫిల్మ్ ముక్కని రెండు కొసలూ అతికించి లూపు చేసి తిప్పేవాళ్ళు. తెర మీద అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంటే మేమంతా ఒకే మైకు చుట్టూ నిలబడి మాట కలపాలి. ఒక్కరి నాలుక తడబడితే అందరం మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సిందే. పెద్ద నటులు రావడం ఆలస్యమైతే గంటలకొద్దీ ఎదురుచూపులు. ఆ ఖాళీలో డబ్బింగ్ థియేటర్ వరండాలో సుద్దముక్కతో అయిదు గళ్ళు నిలువు, అయిదు గళ్ళు అడ్డం గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. గవ్వలు దొరక్కపోతే చింతగింజల్ని గచ్చుకు ఒక పక్క తెల్లగా అరగదీసేవాళ్ళం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఏది పడినా ఇంకో పందెం వెయ్యచ్చు. ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా చంపితే తప్ప లోపలి గళ్ళలోకి దారి లేదు.

ఆ నియమం ఎంత గొప్పదో నాకు అక్కడే తెలిసింది. గుంపు సీన్లలో వెనక వరసలో నిలబడే అమ్మాయి, పేరు మోసిన నటి కాయని చంపి ఇంటికి పంపేది. సెట్టులో ఆవిడ ఎదుట కూర్చోవడానికి జంకే పిల్ల, గళ్ళ ముందు మాత్రం మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని "నీ కాయ చచ్చిందక్కా" అనేది. ఆవిడ ఉడుక్కునేది, మరుక్షణం నవ్వేది. మీ రాత్రికి ఎన్ని కొత్త బోర్డు ఆటలు కొనుక్కున్నా సరే, ఈ ఒక్క ఆట నేల మీద గీసి పెట్టండి. బల్లలూ కుర్చీలూ పక్కకి జరపండి. నేల మీద కూర్చుంటేనే ఆడవాళ్ళకి గొంతులు పెరుగుతాయి.

మా అమ్మ తరానికి ఇలాంటి రాత్రిని ఎవరూ ఏర్పాటు చేయాల్సిన పని ఉండేది కాదు. పంచాంగమే ఇచ్చేది. ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్ది. తెల్లవారకముందే లేచి, చద్దన్నం తిని, వీధిలోకి పరిగెత్తి, చెట్టుకు ఉయ్యాల వేసుకుని ఊగేవాళ్ళు. ఆ పూట ఇంత చీకట్లో ఎక్కడికని అడిగిన మగవాడు లేడు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ అంతే. ఇప్పుడు మీకు తిథులు లేవు, కాల్‌షీట్లున్నాయి, నైట్ షిఫ్టులున్నాయి. మీరు ఆ రాత్రిని మీ చేతులతో పుట్టించుకుంటున్నారు. అందుకే నాకింత ముచ్చట, అందుకే ఇంత భయం కూడా.

భయం ఎందుకో చెప్తాను. పాతికేళ్ళ క్రితం మా ఇంట్లోనే ఒక సాయంత్రం పదిహేనుమంది ఆడవాళ్ళని పిలిచాను. చీటీల ఆట పెట్టాను. ఒక్కొక్కరి గురించి మిగతావాళ్ళు పేరు రాయకుండా ఒక మాట రాయాలి, ఎవరి గురించి రాశారో వాళ్ళే దాన్ని పైకి చదవాలి. సరదాగా ఉంటుందనుకున్నాను. అప్పటికి ఏడాదిగా పిలుపుల్లేక ఇంట్లో కూర్చున్న ఒక స్నేహితురాలికి వచ్చిన చీటీలో "ఎవరు నువ్వు?" అని ఉంది. ఆమె చదివింది, నవ్వింది, కాఫీ తాగింది, వెళ్ళింది. మళ్ళీ నా గడప తొక్కలేదు. రాసిన చెయ్యి ఎవరిదైనా ఆట పెట్టింది నేను. ఆమె కావాలని మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చిందన్న సంగతి ఇప్పటికీ నా కళ్ళలోంచి పోదు. అమ్మాయిలూ, మనిషిని ఆటవస్తువు చేసే ఆట ఏదీ మీ ఇంట్లోకి రానివ్వకండి. బరువు, వయసు, సంబంధాలు, ఎవరికి అవకాశం ఎలా వచ్చిందన్నది, ఇవేవీ చీటీల మీదకి రాకూడదు.

థీమ్ అంటే చీరా జడగంటలేనా? సినిమానే థీమ్ అనుకుంటే తెర వెనక ఆడవాళ్ళని పెట్టుకోండి. భానుమతిగారు 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు. సావిత్రిగారు 1968లో 'చిన్నారి పాపలు' తీస్తే సంగీతం పి. లీలగారు చేశారు. విజయనిర్మలగారు 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా 'మీనా' తీశారు, నలభై పైచిలుకు సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. మీలో ఎంతమందికి తెలుసో పందెం వేసి కనుక్కోండి.

నా మనసుకు నచ్చిన ఆట ఇంకొకటుంది. దీపాలు ఆర్పి, ఒకరు తెర చాటున నిలబడి మాట చెప్పాలి, ఇవతలివాళ్ళు గొంతు గుర్తుపట్టాలి. సౌందర్యకు ఎన్నో సినిమాల్లో సరిత గొంతిచ్చారు. 'ఏ మాయ చేసావె'లో సమంత మాట చిన్మయిది. 'భక్త ప్రహ్లాద'లో పసి ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతయ్యారు. ముఖం కనిపించకుండా బతికిన మా జాతి అంతా ఆ చీకటి ఆటలో ఉంటుంది. ఆడి చూడండి, రోజూ చూసే స్నేహితురాలి గొంతులో ఎన్నడూ వినని జీర ఒకటి వినపడుతుంది.

ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గర బుట్టలో పడెయ్యాలి. ఈ విషయంలో నేను మెత్తబడను. మన పేట కనిపించడం మీద బతికే పేట. జిమ్ నుంచి బయటికొస్తే కెమెరా, గుడికెళ్తే కెమెరా, కాఫీకి కూర్చుంటే కెమెరా. నటించే పిల్లే కాదు, కాస్ట్యూములు కుట్టే పిల్ల కూడా తను ఎలా కనబడుతున్నానో చూసుకుంటూనే ఉంటుంది. ఒక్క రాత్రి పొట్ట లోపలికి లాక్కోకుండా కూర్చోనివ్వండి ఒకరినొకరు. జుట్టు చెదిరితే చెదరనివ్వండి. ముందే ఒక ఫొటో తీసుకుంటే చాలు.

పేకాట మీ ఇష్టం, డబ్బు మాత్రం వద్దు. రమ్మీలో నేర్పు ఉందని 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే కానీ, 2017లో తెలంగాణ తన చట్టాన్ని మార్చి డబ్బు పెట్టి ఆడే రమ్మీనీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఓడిన అయిదువందలు ఒకరికి లెక్కలోకి రాదు, ఇంకొకరికి వారం రోజుల బియ్యం. చింతగింజలే పందెం పెట్టుకోండి. తంబోలాకి బహుమతిగా ఆవకాయ జాడీ పెట్టండి, దానికోసం జరిగే కొట్లాట చూద్దురుగాని.

పిలిచే జాబితా ఒకసారి మళ్ళీ చూసుకోండి. అందరూ జూబ్లీహిల్స్ వాళ్ళేనా? కొండ దిగితే కృష్ణానగర్. మీ సినిమాల్లో జడలు వేసేవాళ్ళు, చీరలు ఇస్త్రీ చేసేవాళ్ళు, పెళ్ళి సీన్లో వెనక నిలబడేవాళ్ళు అక్కడి ఒంటిగది ఇళ్ళలో ఉంటారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని పిలవండి, వడ్డించడానికి కాదు, ఆడటానికి. పిలిచాక రాత్రి పదకొండుకి ఆటో దొరకని బాధ వాళ్ళకి వదిలెయ్యకండి. అక్కడే పడుకునేలా చాపలు సిద్ధం చెయ్యండి, లేదా మీ బండిలో గుమ్మం దాకా దింపండి. పెసరట్లు ఒక్కరే పోస్తూ పొయ్యి దగ్గర ఉండిపోకుండా వంతులు వేసుకోండి. నూనె చేతులతో పేకముక్కలు పట్టుకోనివ్వకండి, తడిగుడ్డ ఒకటి పక్కన ఉంచండి.

మా మద్రాసు గవ్వలు నా దగ్గరే ఉన్నాయి, ఎర్ర గుడ్డ సంచిలో. కావాలంటే ఆదివారం మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్ళండి. నాలుగింటిలో ఒకదాని అంచు విరిగింది. అది బోర్లా పడ్డా ఒక్కోసారి వెల్లకిలా పడ్డట్టే కనిపిస్తుంది. వంగి చూసి చెప్పుకోండి.

మీ మేలు కోరే
ఒక అమ్మమ్మ