మంచు నేలలో పెరిగిన పెద్ద పిల్లి

పిల్లలూ! పిల్లి అనగానే మీకు వంటింట్లో పాలగిన్నె చుట్టూ తిరిగే చిన్న జంతువు గుర్తుకు వస్తుంది. మన ఇళ్ళలో తిరిగే పిల్లి సాధారణంగా మూడు నాలుగు కిలోల బరువుంటుంది. కాని ఎనిమిది కిలోల దాకా తూగే పెంపుడు పిల్లులు కూడా వున్నాయి. వాటిని మెయిన్ కూన్ పిల్లులంటారు. వీటిలో స్టూయీ అనే పిల్లిని 2010లో కొలిస్తే, ముక్కు నుంచి తోక చివరిదాకా 123 సెంటీమీటర్లు వచ్చింది. మీలో ఏడేళ్ళవాళ్ళు ఎంత ఎత్తుంటారో, ఆ పిల్లి సుమారు అంత పొడవన్నమాట!

అమెరికాకు ఈశాన్యపు మూల, సముద్రపు ఒడ్డున మెయిన్ అనే రాష్ట్రం వున్నది. ఈ పిల్లులకు అదే పుట్టిల్లు. మరి "కూన్" అనే మాట ఎక్కడిది? అమెరికా అడవుల్లో రకూన్ అనే జంతువున్నది. దాని తోక కుచ్చులాగా వుండి, చుట్టూ నల్లని పట్టెలుంటాయి. చాలా మెయిన్ పిల్లుల తోకలు కూడా అలాగే వుంటాయి. అందుచేత ఇవి పిల్లికీ, రకూన్‌కూ పుట్టిన సంతానమని పూర్వం కొందరు అనుకునేవారు. అది జరగని పని. రకూన్ పిల్లికన్నా కుక్కకూ, ఎలుగుబంటికీ దగ్గర చుట్టం.

ఇంకొక కథ కూడా వున్నది. ఫ్రాన్సు రాణి మారీ ఆంత్వానెత్‌ను విప్లవకారుల నుంచి తప్పించి మెయిన్‌కు చేర్చాలని ఒక ఓడ కెప్టెన్ ఏర్పాట్లు చేశాడట. రాణిగారి సామానులూ, ఆమె పెంచుకున్న పిల్లులూ ఓడ ఎక్కాయట. రాణి మాత్రం ఎక్కలేకపోయింది. 1793లో ఆమెకు మరణశిక్ష అమలు జరిగింది. ఆ పిల్లుల సంతతే ఇవి అంటారు. కథ బాగానే వున్నది కాని, దీనికి రుజువు లేదు.

శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. ఆ రోజుల్లో ఓడల్లోని ధాన్యాన్ని ఎలుకలు పాడుచేయకుండా పిల్లులను పెంచేవారు. ఐరోపా నుంచి ఓడలమీద వచ్చిన పిల్లులు రేవుల్లో దిగి, అక్కడే స్థిరపడ్డాయి. మెయిన్‌లో చలికాలం చాలా కఠినం. చలికి ఆగలేని పిల్లులు చచ్చిపోయాయి. ఒత్తయిన బొచ్చు, పెద్ద శరీరం గలవి బతికి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లల్లోనూ గట్టివే మిగిలాయి. ఇలా తరతరాలుగా జరిగి ఈ జాతి ఏర్పడింది. పొట్ట కింద పొడుగాటి బొచ్చు వుండటంచేత ఇవి మంచులో కూర్చోగలవు. పాదాల వేళ్ళ మధ్య కూడా బొచ్చుంటుంది. పడుకున్నప్పుడు తోకను శాలువాలాగా చుట్టుకుంటాయి.

1895లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెద్దయెత్తున పిల్లుల ప్రదర్శన జరిగింది. అందులో కోసీ అనే మెయిన్ పిల్లికి మొదటి బహుమతి వచ్చింది. దానికి వెండి పట్టెడ ఇచ్చారు. కాని తరవాత పర్షియన్ పిల్లుల మోజు పెరిగి, వీటిని పట్టించుకునేవారు తగ్గిపోయారు. 1950ల నాటికి ఈ జాతి అంతరించిందని కూడా కొందరు అనుకున్నారు. మెయిన్ రైతుల కొట్టాల్లో మాత్రం ఇవి మామూలుగా ఎలుకలు పడుతూనే వున్నాయి! వీటిని కాపాడటానికి 1968లో పెంపకందారులు ఒక సంఘం పెట్టారు. 1985లో మెయిన్ ప్రభుత్వం దీన్ని తమ రాష్ట్రపు పిల్లిగా ప్రకటించింది.

పూర్వం ఏ పిల్లి బతకాలో చలి నిర్ణయించేది. ఇప్పుడు ఏ పిల్లిని పెంచాలో మనుషులు నిర్ణయిస్తున్నారు. ఈ పిల్లుల్లో కొన్నిటికి తల్లిదండ్రుల నుంచి గుండెజబ్బు సంక్రమిస్తుందనీ, దానికి ఒక జన్యులోపం కారణమనీ 2005లో కనిపెట్టారు. అందుచేత మంచి పెంపకందారులు బొచ్చు అందం ఒక్కటే చూడరు. పిల్లులను జతకట్టించే ముందు వాటి గుండెను కూడా పరీక్ష చేయిస్తారు.