కెయిర్న్స్ తీరపు బురద

ఆస్ట్రేలియా ఖండమున, క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ఉత్తరభాగమున కెయిర్న్స్ అను రేవుపట్టణము కలదు. బంగారుగనుల నిమిత్తము 1876లో వెలసిన ఈ పట్టణము నేడు యాత్రికులకు నెలవైనది. తూర్పున సముద్రములో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపు దిబ్బల వరుస. పడమట కొండలపై నిత్యము పచ్చగానుండు వానకారడవులు. ఈ రెండింటిని చూచుటకే జనులు దేశదేశములనుండి వచ్చుచుందురు.

ఇంత దూరము వచ్చిన యాత్రికుడు ఆటు సమయమున పట్టణపు తీరమును చూచి నిరుత్సాహపడును. అచట తెల్లని ఇసుక లేదు, కనుచూపుమేర బురదయే. పైగా మొసళ్ళ భయమొకటి. నగరపాలకులు 2003లో తీరమున ఈతకొలనును నిర్మించి ఆ కొరత తీర్చిరి. కొలను మంచిదే, పిల్లలు నిర్భయముగా ఈదుచున్నారు. కాని బురదనే కొరతగా నెంచుట తగదు.

పగడము చిన్న ప్రాణి. దాని దేహమున నివసించు సూక్ష్మమైన నాచు సూర్యకాంతితో ఆహారము సిద్ధపరచి దానికి పెట్టును. నీరు మురికియైనచో కాంతి అందదు. ఆ కొండలపై కురియు వాన సామాన్యమైనది కాదు. బెల్లెండెన్ కెర్ శిఖరమున ఏటికి సుమారు 8,000 మిల్లీమీటర్లు. ఆ వరద త్రోసికొనివచ్చు మట్టిని అడవి తన వేళ్ళతో పట్టి నిలుపును. మిగిలినదానిలో కొంత తీరమందలి మడచెట్ల నడుమ బురదయై ఆగిపోవును. గోదావరి ముఖమున కోరింగ మడ అడవులను చూచిన తెలుగువారికి వీని రూపు క్రొత్త కాదు.

అడవి కొట్టి చెరకు నాటిన చోట్లనుండి మట్టియు, ఎరువులును సముద్రమును చేరి పగడములను బాధించుచున్నవి. చెరకురైతు బ్రతుకవలదా యందురు. బ్రతుకవలసినదే; ఏటిగట్టున నాలుగు వరుసల చెట్లను విడిచినంతమాత్రమున వాని బ్రతుకు చెడదు. సముద్రము వేడెక్కి పగడములు తెల్లబారు విపత్తు 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో విస్తారముగా కలిగినది. ఆ వేడిని కెయిర్న్స్ వారొక్కరే ఆపజాలరు. మట్టిని ఆపుట మాత్రము వారి చేతిలోని పని. వేడికి నలిగిన పగడము తిరిగి కోలుకొనవలెనన్నచో తేటనీరైనను దానికి దక్కవలెను గదా!

కావున యాత్రికుడు ఒక దినము పడవకును, ఒక దినము అడవికిని కేటాయించినచో, ఒక పూట ఈ బురద చెంతను కూడ నిలువవలెను. వంపు తిరిగిన పొడవు ముక్కు గల పక్షులు రష్యా దేశమునుండి వేల మైళ్ళు ఎగిరివచ్చి అచట పీతలను ఏరుకొని తినుచుండును. ఆ దృశ్యమునకు టిక్కెట్టు లేదు.