దూరమా? కాలమా?

ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరమెంత యని యడిగినచో, భూగోళముపై దారము బట్టి కొలిచినవారు సుమారు 12,400 కిలోమీటర్లని చెప్పుదురు. విమానములు నడపువారి లెక్క వేరు. 2016వ సంవత్సరము అక్టోబరులో ఎయిరిండియావారు ఈ ప్రయాణమును అట్లాంటిక్ సముద్రము మీదుగా మాని పసిఫిక్ సముద్రము మీదుగా సాగించిరి. పాతదారి సుమారు 13,900 కిలోమీటర్లు. క్రొత్తదారి సుమారు 15,300. దారి 1,400 కిలోమీటర్లు పెరిగినను, ప్రయాణకాలము రమారమి రెండుగంటలు తగ్గి పదునాలుగున్నర గంటలయ్యెను.

ఇందలి మర్మము గాలియే. ఉన్నతాకాశమున పడమటినుండి తూర్పునకు ప్రబలమైన వాయుప్రవాహము గలదు. దానికెదురేగు విమానమునకు ఇంధనమును కాలమును అధికముగ వ్యయమగును. దానితో గూడి పోవుదానికి రెండును కలిసివచ్చును. వాలుగాలికి తెరచాపనెత్తు మన సరంగులకిది క్రొత్తపాఠము కాదు.

గాలి యొక్కటియే కాదు, రాజ్యముల యనుమతియు కాలమును నిర్ణయించును. 2025 ఏప్రిలు 24వ తేదీన పాకిస్తాను తన గగనతలమును భారతీయ విమానములకు మూసివేసినపుడు, ఢిల్లీనుండి అమెరికాకు బోవు విమానములు చుట్టుతిరిగి పోవలసివచ్చెను; కొన్ని నడుమ ఐరోపాలో దిగి ఇంధనము నింపుకొనవలసి వచ్చెను. నగరములు కదలలేదు, వానినడుమ కాలము మాత్రము పెరిగినది.

ఈ విషయము మన యాంధ్ర, తెలంగాణ కుటుంబములకు వినోదమాత్రము కాదు. బిడ్డల పురుళ్లకని అమెరికాకేగు తలిదండ్రులు వేలకొలది గలరు. 2021 జనవరిలో హైదరాబాదునుండి చికాగోకు నేరుగా విమానము నడచినపుడు వారెంతయో సంతసించిరి. ఆ సౌకర్యము నిలువలేదు. పరభాషరాని వృద్ధులు దోహాలోనో, దుబాయిలోనో, ఫ్రాంక్‌ఫర్టులోనో దిగి, తాము పోవలసిన ద్వారమేదో తెలియక దిక్కులు చూచుట మనమెరుగని సంగతియా? వారికి ఆకాశమున గడచిన పదునాలుగు గంటలకంటె నేలపై గడచిన మూడుగంటలే దీర్ఘములు.

కావున మేము కోరునది రెండు విషయములు. టిక్కెట్టు విక్రయించువారు గాలిలో నుండు గంటలనేగాక, బయలుదేరినది మొదలు గమ్యము చేరువరకు పట్టు మొత్తము కాలమును, విమానము మారవలసిన చోట్లను తెలుగులో స్పష్టముగ తెలుపవలయును. హైదరాబాదునుండి అమెరికాకు నేరుగా విమానమును తిరిగి నడపుటయేగాక, లాభనష్టములు తేలువరకు కొన్ని సంవత్సరములైనను దానిని నిలుపవలయును.

ప్రయాణమునకు పూనుకొను పాఠకులకును ఒకమాట. చౌకయని మురిసి గంట వ్యవధిలో విమానము మారవలసిన టిక్కెట్టును పెద్దలకు కొనియిడకుడు. కొలవవలసినది మైళ్లను కాదు, వారి యోపికను.